ఇక్కడ నేలకూ ఉద్యోగమే

హైటెక్ సిటీ నుంచి కొత్తగూడ వైపు వెళ్తున్నప్పుడు ఈ భవనాన్ని గమనించకుండా దాటిపోవడం చాలా తేలిక. చుట్టుపక్కల ఆఫీసులన్నీ ఎంత దూరం నుంచైనా కనబడి తీరాలని పంతం పట్టినట్టు పైకి లేచాయి. ఇది మాత్రం చెట్ల చాటున ఒదిగి కూర్చుంది. పేరు సీఐఐ-సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2003 నవంబరులో అమెరికా గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ దీనికి హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు ఇచ్చింది. అమెరికా బయట ఆ గుర్తింపు దక్కిన మొదటి భవనం ఇదే. మొత్తం 69 మార్కుల్లో 52 వస్తే ప్లాటినం ఇచ్చేవారు. దీనికి 56 వచ్చాయి. అప్పటికి ప్రపంచంలో మరే భవనానికీ ఇన్ని మార్కులు రాలేదు. మన ఊళ్లో ఇలాంటిదొకటి ఉందని ఇక్కడ రోజూ ట్రాఫిక్‌లో నిలబడే వేలమందిలో ఎందరికి తెలుసో!

ఈ భవనం గురించి ఇప్పటికే చాలా రాశారు. గాజు ఎలాంటిది, ఇటుకల్లో బూడిద ఎంత, కరెంటు ఎంత ఆదా, అన్నీ వచ్చేశాయి. నా ఆసక్తి మాత్రం దాని చుట్టూ ఉన్న నేల మీద. స్థలం సుమారు ఐదెకరాలు. కట్టడం ఇరవై వేల చదరపు అడుగులు. అంటే మొత్తం నేలలో పదో వంతు కూడా కాదు. మిగిలిన తొమ్మిది వంతులను మామూలుగా అయితే ఏం చేస్తాం? ముందు పచ్చిక పరుస్తాం, దారికి అటూ ఇటూ పామ్ చెట్లు నిలబెడతాం, మధ్యలో ఫౌంటెన్ పెడతాం, వెనక పార్కింగు వేస్తాం. ఇక్కడ అలా వదిలేయలేదు. వాన తాగే పని ఒకచోటికి, మురుగు కడిగే పని ఇంకోచోటికి, గాలి చల్లబరిచే పని మరోచోటికి పంచారు. లోపల కుర్చీల్లో కూర్చున్నవాళ్లతోపాటు బయటి నేల కూడా డ్యూటీ చేస్తుంది.

ఈ ప్రాంతం ముప్పై ఏళ్ల కిందట ఎలా ఉండేదో చూసినవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. గుండ్ల మీద గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, తంగేడు, మధ్య మధ్య చెరువులు. ఆ గుండ్లు ఎవరూ పేర్చినవి కావు. దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల గడ్డకట్టిన గ్రానైట్ అది. పైనున్న పొరలు అరిగిపోయి రాయి నేల పైభాగానికి దగ్గరయ్యాక, దాని పగుళ్లలోకి నీళ్లు దిగి అంచులను కరిగించుకుంటూ పోయాయి. మూలలు ముందు కరిగాయి, నడిమి భాగం గుండ్రంగా మిగిలింది. అందుకే ఒకదాని మీద ఒకటి ఎక్కించినట్టు నిలబడ్డాయి. శిల్పారామం పక్క నుంచి దుర్గం చెరువు దాకా ఇంకా అక్కడక్కడా కొన్ని కనిపిస్తాయి. మిగతావి పునాదుల కోసం పేలిపోయాయి, కంకరై రోడ్ల కిందికి చేరాయి.

1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన రోజు నుంచి ఈ గుండ్ల కాలం తిరగబడింది. పది అంతస్తుల ఆ గుండ్రటి మేడ, దాని నడుమ ఫౌంటెన్, ఒక తరం తెలుగువాళ్లకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి బొమ్మగా నిలిచిపోయాయి. ఆ తర్వాత ఏడాదిన్నరకే, 2000 మార్చిలో, అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చాడు. ఆ పర్యటన సందర్భంలోనే ఈ గ్రీన్ బిజినెస్ సెంటర్ కోసం ఒప్పందం కుదిరింది. పరిశ్రమల సమాఖ్య సీఐఐ, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, గోద్రెజ్ కుటుంబపు ఫౌండేషన్, సాంకేతిక సాయానికి అమెరికా సంస్థ యూఎస్ ఎయిడ్ ఇందులో చేతులు కలిపాయి. డబ్ల్యుడబ్ల్యుఎఫ్-ఇండియాకు అధ్యక్షుడిగా పనిచేసిన పారిశ్రామికవేత్త సొహ్రాబ్జీ గోద్రెజ్ అదే ఏడాది కన్నుమూశారు. కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. 2004 జూలై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం వచ్చి ప్రారంభించారు.

గేటు దాటి లోపలికి వస్తే ముందు కాళ్ల కిందికి చూడాలి. వాహనాలు నిలిపే చోట, నడిచే దారుల్లో సిమెంటు దిమ్మెలకు గళ్లు ఉంటాయి. ఆ గళ్లలో మట్టి, మట్టిలో గడ్డి. చక్రం దిమ్మె అంచుల మీద నడుస్తుంది, గడ్డి లోపల నలగకుండా బతుకుతుంది. దిమ్మెల కింద ఇసుక పొర, దాని కింద కంకర. వాన పడితే నీళ్లు గేటు వైపు పరుగెత్తకుండా ఉన్నచోటే ఇంకిపోతాయి. చూడ్డానికి చిన్న ఏర్పాటే, దీని విలువ మాత్రం లెక్క వేస్తేగానీ తెలియదు. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఐదెకరాల మీద అంటే కోటీ అరవై లక్షల లీటర్లు. వేసవిలో కాలనీలకు వచ్చే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లలో కొలిస్తే మూడు వేలకు పైచిలుకు. ఒక్క ఆవరణలో ఆకాశం ఊరికే పోసి వెళ్లే నీళ్లివి. సిమెంటు పోసిన ఆవరణ ఈ నీళ్లను రోడ్డు మీదికి తోసేసి, ఏప్రిల్ రాగానే ట్యాంకరుకు ఫోన్ చేస్తుంది.

ఇక్కడి నేల స్వభావం తెలియకపోతే ఇంకుడు మాట అర్థం కాదు. పైన పలచగా మట్టి, దాని కింద మొరం, ఆ కింద గట్టి రాయి. నీళ్లు దాచుకునేది ఆ మధ్యలోని మొరమే. భవనం కోసం స్థలమంతా ఒకే మట్టానికి చదును చేస్తే మొదట పోయేదీ అదే. అందుకే ఇక్కడ నేల వాలును వీలైనంత వరకు ఉన్నదున్నట్టు ఉంచారు. ఇంకగా మిగిలిన వాన ఆ వాలు వెంట దిగి, పల్లంలో తవ్విన చిన్న కుంటలో చేరుతుంది. కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. మన చెరువుల గొలుసు ఇదే సూత్రం మీద నడిచింది. కుతుబ్‌షాహీ సమాధుల తోటకూ మెట్ల బావులే ఆధారం. తోట వేయాలంటే ముందు బావి ఎక్కడో తేల్చుకోవాలి. లింగంపల్లికి, బషీర్‌కు, జామ్‌కు బాగ్ అన్న మాట తగిలించుకున్న ఊరు మనది. తోటకు నీళ్లెక్కడివి అన్న ప్రశ్నను మధ్యలో ఎక్కడో వదిలేశాం.

భవనం గుండ్రంగా ఉంటుంది. నడుమ ఆకాశానికి తెరిచిన గుండ్రటి ముంగిలి, దాని చుట్టూ స్తంభాల వరస, స్తంభాల వెనక నడవా, నడవా వెనక గదులు. గోదావరి జిల్లాల మండువా లోగిలిని ఎవరో గుండ్రంగా గీసి పెద్దది చేసినట్టు ఉంటుంది. పని చేసే తీరూ అదే. లోపలి ముంగిలి నీడలో చల్లబడిన గాలి గదుల్లోకి చేరుతుంది, వెలుతురు రెండు వైపుల నుంచీ వస్తుంది. లోపలి చోటులో తొంభై శాతం దాకా పగటి వెలుగే చాలుతుంది. దాదాపు ఏ కుర్చీలో కూర్చున్నా బయటి పచ్చదనం కంటికి ఆనుతుంది. మన ఐటీ ఆఫీసుల్లో మిట్టమధ్యాహ్నం పరదాలు దించి ట్యూబులైట్లు వేసుకునే దృశ్యం గుర్తున్నవాళ్లకు ఇది విచిత్రంగానే తోస్తుంది.

ఎండ తగిలే చోట గోడలకు బదులు జాలీలు ఉన్నాయి. వాటి దగ్గర కాసేపు ఆగడం మంచిది. జాలీ గడి లోతు, గడి వెడల్పు రెండింటి మధ్య పొందిక మీదే అంతా ఆధారపడి ఉంటుంది. నడినెత్తి సూర్యుడి కిరణం గడి పైఅంచుకే తగిలి ఆగిపోతుంది. దాని వెలుగు మాత్రం లోపలి అంచుల మీద పడి, మెత్తబడి, గదిలోకి జారుతుంది. చెయ్యి అడ్డం పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది: బయటివైపు వేళ్లు చురుక్కుమంటాయి, లోపలివైపు వెలుతురే తప్ప వేడి ఉండదు. వడోదరకు చెందిన ఆర్కిటెక్ట్ కరణ్ గ్రోవర్ దీన్ని రూపొందించారు. గుజరాత్‌లోని చంపానేర్-పావాగఢ్ శిథిల నగరాన్ని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్పించడానికి ఏళ్లకేళ్లు పోరాడిన మనిషి ఆయన. అది జాబితాకెక్కిందీ, ఈ భవనం ప్రారంభమైందీ ఒకే ఏడాది, 2004లో. బావులు, కుంటలు, జాలీల మధ్య అంత కాలం తిరిగిన మనిషి కొత్తగూడ రాళ్ల మీద ఇలాంటిది కట్టాడంటే ఆశ్చర్యం లేదు.

రెండు గాలి గోపురాలు కూడా ఉన్నాయి. బోలు గోడలతో కట్టిన ఈ గోపురాల మీద పైనుంచి మధ్య మధ్య నీళ్లు జారవిడుస్తారు. తడిసిన గోడ చల్లబడి, లోపలికి దిగే గాలిని చల్లబరుస్తుంది. ఏసీకి అందేది నలభై డిగ్రీల వడగాలి కాదు, అప్పటికే కొంత చల్లారిన గాలి. ఏసీని పూర్తిగా తీసేయలేదని గమనించాలి. దాని బరువు తగ్గించారు, అంతే. ఇలాంటి చోట్ల కొంచెం నిజాయతీ నాకు నచ్చుతుంది.

పైకప్పులో సగానికి మించి తోటే. మట్టి, దాని మీద పచ్చదనం. హైదరాబాద్ మే నెలలో డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడ్డవాళ్లకు కాంక్రీటు ఎంత కాలుతుందో చెప్పక్కర్లేదు. ఆ వేడి రాత్రి పొద్దుపోయే దాకా కింది గదుల్లోకి దిగుతూనే ఉంటుంది. మట్టి పొర ఆ దారికి అడ్డం పడుతుంది. మిగిలిన కప్పు మీద సుమారు 24 కిలోవాట్ల సౌర ఫలకాలు ఉన్నాయి. ఇప్పుడు పెద్ద అపార్ట్‌మెంటు సొసైటీ కూడా అంత పెట్టించుకుంటోంది. 2003లో మాత్రం జనం ఆగి చూసేంత వింత.

అసలు వింత మాత్రం ఎవరూ ఆగి చూడని చోట ఉంది. దూరం నుంచి పొదలాగా, కాస్త దట్టంగా పెరిగిన గడ్డి మడిలాగా కనిపిస్తుంది. ఈ భవనంలో మరుగుదొడ్ల నీరు, చేతులు కడిగిన నీరు అంతా చేరేది దాని కిందికే. దీన్ని రూట్ జోన్ పద్ధతి అంటారు. మురుగు ముందు ఒక తొట్టెలో నిలబడి, బరువైనదంతా అడుక్కి దిగిపోతుంది. పైన తేరిన నీరు కంకర నింపిన మడిలోకి అడ్డంగా ప్రవేశిస్తుంది. కంకరలో నాటేవి సాధారణంగా జమ్ము, కిక్కిస, మెట్టతామర వంటి నీటి మొక్కలు. చెరువు గట్టున పెరిగితే మనం పిచ్చి మొక్కలని పీకేసే రకాలే ఇవి. వీటికి ఒక గుణం ఉంది. కాండం లోపల గొట్టాల్లాంటి ఖాళీలుంటాయి. ఆకుల్లోంచి గాలి ఆ గొట్టాల గుండా వేళ్ల దాకా దిగి, వేళ్ల చుట్టూ సన్నని పొరలో ఊపిరి ఆడుతుంది. ఆ పొరలో ఒక రకం సూక్ష్మజీవులు, కాస్త దూరంలో గాలి అందని చోట ఇంకో రకం. ఇవి వదిలిన దాన్ని అవి తింటూ, అవి వదిలిన దాన్ని మొక్క తీసుకుంటూ, మడి ఆ చివరికి చేరేసరికి నీరు తేటపడుతుంది.

మురుగు ఎక్కడా పైకి కనిపించదు. కంకర మట్టానికి కొంచెం దిగువనే నడుస్తుంది కాబట్టి దోమలకు చోటు లేదు, వాసనా రాదు. మామూలు ఆఫీసు సముదాయాల్లో ఇదే పనికి నేలమాళిగలో ఎస్‌టీపీ అనే మురుగు శుద్ధి ప్లాంటు పెడతారు. గాలి కొట్టే బ్లోవర్లు రాత్రింబవళ్లు తిరగాలి, కరెంటు పోతే జనరేటర్ అందుకోవాలి, చూసుకోవడానికి షిఫ్టుల వారీగా మనిషి ఉండాలి. ఇక్కడ ఆ గాలి కొట్టే పని మొక్క చేస్తోంది. జీతం ఎండ. తేటపడిన నీళ్లు తిరిగి తోటకే వెళ్తాయి. ఈ ఆవరణ నుంచి మురుగు నీరు చుక్క కూడా బయటికి పోదన్నది కేంద్రం ఘనంగా చెప్పుకునే మాట. చెప్పుకోవాల్సిన మాటే.

పచ్చికతో పోల్చి చూస్తేగానీ ఇదంతా ఎందుకో తెలియదు. ఈ చుట్టుపక్కల కొత్త ఆఫీసు తెరవడానికి నెల రోజుల ముందు రాత్రిళ్లు లారీలు వస్తాయి. గోదావరి ఒడ్డున కడియం నర్సరీల నుంచి వేళ్ల ముద్దతో సహా గోనెసంచుల్లో కట్టిన పామ్ చెట్లు, చాపల్లా చుట్టిన గడ్డి పలకలు దించుతారు. తెల్లారేసరికి తోట తయారు. కడియం రైతుల నైపుణ్యానికి వంక పెట్టలేం. అడిగినదే వాళ్లు పంపుతారు. అడిగేవాళ్లు ముందు ఫొటో చూసి అడుగుతారు, అందులోనే వచ్చింది చిక్కు. కార్పెట్ గడ్డికి ఎండాకాలం చదరపు మీటరుకు రోజూ ఐదు లీటర్లయినా తడపాలి. ఎకరానికి ఇరవై వేల లీటర్లు, అంటే రోజుకు నాలుగు ట్యాంకర్లు. రెండు రోజులు నీళ్లు తప్పితే ఎర్రబడుతుందని ఏ మాలిని అడిగినా చెబుతాడు. ఇంత తాగి ఆ గడ్డి ఇచ్చే నీడ సున్నా, దాని మీద కూర్చోనిచ్చే సెక్యూరిటీ గార్డూ అరుదు. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్‌ను గోడల్లా నాటారు. దాన్ని నాటొద్దని తర్వాత తెలంగాణ ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. కానుగ, వేప, నేరేడు పెరగడానికి కొన్నేళ్లు పడుతుంది. ప్రారంభోత్సవం తారీకు అంత కాలం ఆగదు.

అన్నీ మెచ్చుకున్నాక ఒక పేచీ కూడా పెట్టాలి. ఐదెకరాల్లో ఇరవై వేల అడుగులు కట్టమంటే ఎవరైనా కుంటా తవ్వుతారు, జమ్మూ నాటుతారు. 2019లో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో మొదలైన అమెజాన్ ప్రాంగణాన్ని తీసుకోండి. స్థలం తొమ్మిదిన్నర ఎకరాలు, ఆఫీసు చోటు 18 లక్షల చదరపు అడుగులు. నేల ఇక్కడి నేలకు దాదాపు రెండింతలు, కట్టడం తొంభై రెట్లు. నగరం నడుస్తున్నది ఈ రెండో లెక్క మీద. స్థలమంతా నాలుగైదు అంతస్తుల లోతు తవ్వి కార్లకు ఇచ్చేస్తే, పైన వేసే తోట నిజానికి శ్లాబు మీది తోట. చెట్టు నిలబడాలంటే కనీసం మీటరు మట్టి కావాలి. తడిసిన మట్టి చదరపు మీటరుకు దాదాపు రెండు టన్నుల బరువు. అంత మోసే శ్లాబు వేయడానికి ఖర్చవుతుంది కాబట్టి మట్టి తగ్గుతుంది, మట్టి తగ్గితే చెట్టు పోయి మళ్లీ గడ్డీ పామ్ చెట్లూ మిగులుతాయి. వాన ఇంకడానికి కింద భూమే లేదు.

అయినా ఈ చిన్న భవనం పాఠం అక్కడ పనికిరాదని నేననుకోను. నేలమాళిగను హద్దుగోడ దాకా తవ్వకుండా ఒక పక్కనైనా అసలు భూమిని వదలొచ్చు. ఆ పట్టీ ఎక్కడ ఉండాలో నేల వాలే చెబుతుంది: నీళ్లు సహజంగా చేరే పల్లంలో. మొత్తం మురుగు కాకపోయినా కడిగిన నీళ్ల వరకు జమ్ము మడికి అప్పగించొచ్చు. కావాల్సిందల్లా తోట గీసే మనిషిని చివర పిలవకుండా, పునాది గీతలు గీసే రోజునే భవనం గీసే మనిషి పక్కన కూర్చోబెట్టడం. కొత్తగూడలో జరిగింది అదే. ఇక్కడ తోట బొమ్మా, డ్రైనేజీ బొమ్మా, ఏసీ బొమ్మా వేరు వేరు కాగితాల మీద ఉంటే పని అయ్యేది కాదు.

2001లో ఏర్పడిన భారత హరిత భవన మండలి ఐజీబీసీ ఇప్పుడు ఇక్కడి నుంచే నడుస్తోంది. మొదట్లో దేశం మొత్తానికి చూపించుకోవడానికి ఉన్న హరిత భవనం ఈ ఇరవై వేల చదరపు అడుగులే; ఇవాళ మండలి పుస్తకాల్లో నమోదైనవి వందల కోట్ల చదరపు అడుగులు దాటాయి. అందులో ఎన్ని కాగితం మీద పచ్చగా ఉన్నాయో, ఎన్నిట్లో నిజంగా నీళ్లు ఇంకుతున్నాయో, ఒక్కొక్కటీ వెళ్లి చూసి రాయాల్సిన వేరే కథ.

చూడాలనుకునేవాళ్లు ఇది పార్కు కాదని, పనిచేస్తున్న ఆఫీసని గుర్తుపెట్టుకోవాలి. ముందుగా అనుమతి తీసుకుని పనిదినాల్లో వెళ్లాలి. ఆర్కిటెక్చర్, ఇంజినీరింగ్ విద్యార్థుల బృందాలైతే కాలేజీ లేఖతో అడగడం మేలు. మెట్రోలో హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి ఆటో దొరుకుతుంది, ఎంఎంటీఎస్‌కూ అదే పేరుతో స్టేషన్ ఉంది. జూలై, ఆగస్టుల్లో వాన వెలిసిన అరగంటకు వెళ్తే గళ్ల దిమ్మెలు, వాలు, కుంట ఏం చేస్తున్నాయో కళ్లారా కనబడుతుంది. జాలీలూ గాలి గోపురాలూ చూడాలంటే మాత్రం ఏప్రిల్ మధ్యాహ్నమే సరి. అనుమతి కుదరకపోతే దగ్గర్లోనే 274 ఎకరాల కోట్ల విజయభాస్కర రెడ్డి బొటానికల్ గార్డెన్ ఉంది. టికెట్ కొంటే చాలు, లోపలికి వెళ్లొచ్చు. కొత్తగూడ గుండ్లు తంగేడు పొదల మధ్య ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే ఈ చుట్టుపక్కల మిగిలిన చోటు ఇప్పటికి అదే.